అవతలి కొస

చీరల షాపు చిన్న యజమాని హేమంత్‌కుమార్ ఆ ఇంగ్లీషు మాట అన్నప్పుడు నళిని తెల్ల పరుపు మీద మోకాళ్ళూని ఒక పట్టుచీర మడుస్తోంది. మాట చెవిన పడింది గాని చేతులు ఆగలేదు. అంచుకు అంచు కలిపి, అరచేత్తో నిమిరి, చెంగు పైకి వచ్చేలా తిప్పి, లోపల అట్ట పెట్టి, అప్పుడు తలెత్తింది.

“ఏమన్నావప్పా?”

“షాపులో సార్ అనమన్నా కదక్కా,” అని అతను నవ్వాడు. చేతిలో ఫోను తిప్పుతూ మళ్ళీ అన్నాడు. “టేక్ వన్ ఫర్ ది టీమ్. అంతే. పెద్ద విషయం ఏమీ కాదు.”

అందులో ఒక్కొక్క పదమూ ఆమెకు తెలుసు. అన్నీ కలిపితే ఏమవుతుందో మాత్రం తెలియలేదు. ఏది తీసుకోవాలి, ఎవరి దగ్గర? అడిగితే మళ్ళీ నవ్వుతాడని ఊరుకుంది. హూడి వైపు నుంచి సాఫ్ట్‌వేరు వాళ్ళు చీరలకు రావడం ఎక్కువైందని, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తే మంచిదని ఆమెను ఆదివారం క్లాసులో చేరమన్నది ఇతనే. చేరింది. ఇప్పుడు “దిస్ కలర్ విల్ సూట్ యూ మేడమ్” అని తడుముకోకుండా అంటుంది.

మాట అర్థం కాకపోయినా, అతను ఆ తర్వాత చెప్పినదంతా అర్థమైంది. కిరణ్మయి అనే ఆమె, హూడిలో ఉద్యోగం, తమ్ముడి పెళ్ళిలో పెట్టడానికి ఇక్కడ ఐదు చీరలు కొంది. పెళ్ళికూతురి మేనత్త అందులో ఒకటి కట్టుకుని పీటల దగ్గర వంగిందో లేదో, కుచ్చిళ్ళ మీద చీర బర్రున చిరిగింది. చూస్తే అది పాత చిరుగే. పోగుకు పోగు కలిపి రఫూ చేసి, పాలిష్ పట్టించి, కొత్తదానిలా మడతపెట్టిన చీర. మిగిలినవి విప్పి వెతికితే ఇంకో రెండింటిలోనూ అదే వరస. ఆమె ఫొటోలు తీసి, షాపు పేరుతో సహా తమ అపార్ట్‌మెంటు వాళ్ళ ఫోను గ్రూపులో పెట్టేసింది. సోమవారం చీరలు పట్టుకుని వస్తానంది.

వచ్చినప్పుడు నళిని చెప్పవలసింది ఒకటే. పాడైన చీరలు పక్కన పెట్టమంటే తాను చూసుకోకుండా కొత్తవాటిలో కలిపేశానని. ఆ తర్వాత కొన్నాళ్ళు వెనక గోడౌనులో కూర్చుని చెంగులకు కుచ్చులు కట్టుకోవచ్చు. జీతం తగ్గదు. జనం మరిచిపోయాక మళ్ళీ పరుపు మీదికి రావచ్చు.

“నేను కలపలేదు కదప్పా.”

“నువ్వు కలిపినావని నేనూ అనలేదక్కా. చెప్పమంటా ఉండా, అంతే.”

బయట సందులో తోపుడుబండివాడు జరగండి జరగండి అని అరుస్తున్నాడు. హేమంత్‌కుమార్ ఫోను మోగింది. మాట్లాడుతూనే, అన్నీ కుదిరిపోయినట్టు ఆమె వైపు బొటనవేలు ఎత్తి చూపించి లోపలికి వెళ్ళిపోయాడు. నళిని ఇంకో చీర ఒళ్ళోకి లాక్కుంది. అంచులు కలపబోతే ఒకటి పొడుగు ఒకటి పొట్టి వచ్చింది. ఇన్నేళ్ళలో మడత తప్పడం ఆమెకు కొత్త.

ఆ ఐదు చీరలూ చూపించింది ఆమే. అందులో అనుమానం లేదు. కిరణ్మయి బూట్లు విప్పి పరుపు మీద బాసిపట్టు వేసుకుని కూర్చోవడం, “ఆంటీ, మా తమ్ముడి అత్తగారి వైపు వాళ్ళకి, మాట రాకూడదు” అనడం, అన్నీ గుర్తే. ఆ కట్ట హేమంత్‌కుమార్ తెప్పించిన కొత్త సరుకు. పైన చీటీలు అంటించి సిద్ధంగా ఉంది. చెంగు పరిచి, ఒక్క మడత భుజం మీద వేసి చూపించి, బిల్లుకు పంపింది. ఇప్పుడు పద్ధతి అదే.

హేమంత్‌కుమార్ తండ్రి, పెద్దాయన జయరామప్ప షాపు చూసుకున్న రోజుల్లో పద్ధతి వేరు. కొనేవాళ్ళు చీర ఖాయం చేశాక ఒకరు చెంగు పట్టుకోవాలి, ఇంకొకరు అవతలి కొస పట్టుకోవాలి. చీరంతా విప్పి, గుమ్మం వెలుతురుకు ఎత్తి, ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా జరపాలి. పోగు తెగినా, మరక ఉన్నా, రంగు తేడా వచ్చినా అక్కడే కనబడుతుంది. ఎంత రద్దీ అయినా సరే, విప్పని చీర గడప దాటకూడదు. వరమహాలక్ష్మి పండగ ముందు చేతులు పడిపోయేవి. హేమంత్‌కుమార్ వచ్చాక అది తీసేశాడు. ఒక చీరకు ఇద్దరు మనుషులా, టైమ్ వేస్ట్ అన్నాడు. విప్పినదాన్ని మళ్ళీ మడిచేలోపు ఇంకో గిరాకీ పోతుందన్నాడు. నళినికి అప్పుడు సంతోషమే అయింది. మోకాళ్ళకు కాస్త సుఖం.

మర్నాడు మధ్యాహ్నం దేవరాజ్ ఆమెకు టీ తెచ్చాడు. పక్క పరుపు మీద కూర్చునే మనిషి, మాట తక్కువ. తన టీ తాగకుండా గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఆ కట్టను వెనక సందులో రఫూ చేసే ముసలాయన దగ్గరికి మోసుకుపోయింది తానేనని, తెచ్చిందీ తానేనని చివరికి చెప్పాడు. ఊళ్ళో మగ్గాలవాళ్ళు పాడైందని తీసి పడేసిన సరుకు. హేమంత్‌కుమార్ చవగ్గా పట్టుకొచ్చాడు.

“ఇది నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు దేవరాజు?”

“చెప్తే నువ్వు ఊరికే ఉంటావా అక్కా? గలాటా చేస్తావు.” గ్లాసులోకి చూస్తూ అన్నాడు. “సుమ్నే, మాట్లాడకుండా ఒప్పుకో. నిన్ను తీసేయరు. పెద్దాయన ఉండాడు. అదే నా మెడకి చుట్టుకుంటే నన్ను ఉంచుతారా?”

ఆమె టీ తాగి గ్లాసు కింద పెట్టింది. దేవరాజ్ భార్యకు వారం వారం రక్తం శుభ్రం చేయిస్తున్నారని ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తోచలేదు.

శనివారం షాపు మూసేవేళ జయరామప్ప గల్లా దగ్గర నుంచి పిలిచాడు. దేవుడి పటానికి వేసిన దండలో వాడిన పువ్వులు ఏరుతూ ఆమె వైపు చూడకుండా మాట్లాడాడు. పిల్లవాడు తప్పు చేశాడని ఒప్పుకున్నాడు. అయితే బయటి వాళ్ళ ముందు పిల్లవాడి మొహం చిన్నబోతే షాపు నిలబడదన్నాడు. ఆమె ఇంటి మనిషి లాంటిదన్నాడు.

“అయ్యా, మీరు ఒక్క చీరన్నా విప్పకుండా ఇచ్చినారా?”

“కాలం మారింది తల్లీ.”

“నన్ను అడుగుతా వస్తారు అయ్యా ఈ పేటకి. నళినక్క ఉండాదా అని గుమ్మం కాడ అడిగి లోపలికి వస్తారు. తల్లి కొన్యాక కూతుర్ని తోడుకోని వస్తాది. నేను కలిపినానని ఈ నోటితో చెప్తే, ఇంక నా చేత్తో చూపించిన చీర ఎవరు కొంటారు? నాకు ఉండేది ఆ మాట ఒకటే.”

జయరామప్ప పువ్వు మీద పువ్వు ఏరుతూనే ఉన్నాడు. చివరికి, సోమవారం గలాటా కాకుండా చూడమని, అంతకంటే తాను ఏమీ అడగనని అన్నాడు. ఆమె చెప్పులు వేసుకుని బయటికొచ్చింది. మెట్రోలో సీటు దొరికినా కూర్చోలేదు. కూర్చుంటే ఏడుపు వస్తుందనిపించింది. కె.ఆర్.పురంలో దిగేదాకా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చింది.

ఆదివారం క్లాసు కె.ఆర్.పురంలో ఒక మందుల షాపు మీది గదిలో జరుగుతుంది. నడిపేది ఫర్హానా. కదిరి వైపు అమ్మాయి, వారమంతా ఒక కంపెనీలో పని, ఆదివారం ఇది. ఆమె పాఠంలో ఒక ఆనవాయితీ ఉంది. వారంలో చెవిన పడిన ఇంగ్లీషు మాట ఒకటి ఎవరైనా తేవాలి. ఆమె దాన్ని బోర్డు మీద రాస్తుంది. అర్థం వెంటనే చెప్పదు. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, అన్నాక ఎవరికి ఏమైంది, ఇవన్నీ అడుగుతుంది. అర్థం ఎవరైనా ఫోనులో వెతుక్కోవచ్చు, వాడుక మాత్రం ఇట్లా అడిగితేనే బయటపడుతుందని ఆమె నమ్మకం.

నళిని మాట చెప్పగానే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. టేక్ వన్ ఫర్ ది టీమ్.

“ఎవరన్నారక్కా?”

“మా చిన్న యజమాని.”

“ఎట్లా అన్నాడు?”

“నవ్వుతా అన్నాడు.”

ఫర్హానా సుద్దముక్క రెండు వేళ్ళ మధ్య దొర్లిస్తూ చెప్పింది. అది బంతాటలో పుట్టిన మాట. బంతి తన మీదికి దూసుకొస్తుంటే తప్పుకోవచ్చు. తప్పుకోకుండా నిలబడి ఒంటి మీద దెబ్బ తీసుకుంటే జట్టు ఒక అడుగు ముందుకు పోతుంది. అట్లా నలుగురి మేలు కోసం ఒకరు నష్టమో కష్టమో నెత్తిన వేసుకోవడానికి ఈ మాట వాడతారు. నవ్వులాటకూ వాడతారు. డబ్బాలో ఒక్క లడ్డు మిగిలితే, సరే టీమ్ కోసం నేనే తింటాను అనొచ్చు. అందరూ నవ్వారు.

వెనక వరసలో కూర్చున్న స్టాన్లీ నవ్వలేదు. ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ పని అతనిది. చెయ్యెత్తి లేచాడు.

“నేను తీసుకున్నా మేడమ్. డీజిలు తెప్పించడం మా మేనేజరు మర్చిపోయినాడు. రాత్రంతా కరెంటు లేదు. స్టాన్లీ, ఈసారికి నువ్వు చెప్పేయ్ అన్నాడు. మీటింగులో నిలబడి నేనే అని చెప్పినా. చప్పట్లు కూడా కొట్టినారు, నిజాయితీ అని.” గొంతు సవరించుకున్నాడు. “దాని తర్వాత సైకిలు పోతే స్టాన్లీ. కుళాయి కారితే స్టాన్లీ. ఆఖరికి వాన పడినా స్టాన్లీనే.”

మళ్ళీ నవ్వులు. ఈసారి స్టాన్లీ కూడా నవ్వాడు. నవ్వు తగ్గేదాకా ఆగి ఫర్హానా, ఆ మాటను మామూలుగా ఇద్దరంటారని చెప్పింది. దెబ్బ తినడానికి తనంతట తాను నిలబడేవాడు అంటాడు. లేదా తిన్నాక, మిగిలిన జట్టు అతన్ని మెచ్చుకుంటూ అంటుంది. దూరంగా నిలబడి ఇంకొకరితో ఆ మాట అంటే, అది బతిమాలడం వేషం వేసుకున్న ఆర్డరు.

నళిని బోర్డు వంకే చూస్తోంది. “మేడమ్, ఒకటి అడగాల.”

“అడగండక్కా.”

“ఆ బంతి వేసేవాడు మన జట్టువాడే అయితేనో?”

ఫర్హానా సుద్దముక్క కింద పెట్టింది.

“అట్లాంటి ఆట నాకు తెలీదక్కా,” అంది చివరికి.

క్లాసు అయిపోయేటప్పుడు, వచ్చేవారం ఆ మాటతో అందరూ ఒక్కొక్క వాక్యం తయారుచేసుకుని రావాలని చెప్పింది. పుస్తకంలోది వద్దు, కళ్ళతో చూసినది కావాలి. నళిని మెట్లు దిగుతూ వాక్యం అల్లుకోబోయింది. ప్రతిసారీ అది తన పేరుతో మొదలవుతోంది. తన పేరు అక్కడ పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. వదిలేసి కూరగాయలు కొనుక్కుని ఇంటికి పోయింది.

సోమవారం షాపు తెరిచాక హేమంత్‌కుమార్ ఆమెకు చెప్పవలసిన మాటలు మళ్ళీ ఒకసారి చెప్పాడు. పొడుగ్గా చెప్పొద్దు, ఏడవొద్దు, సారీ అని ఇంగ్లీషులో అంటే చాలన్నాడు. నళిని తల ఊపలేదు. అతను అది గమనించలేదు. పరుపు మీద దులిపిన గుడ్డ పరిచి, రోజూ కూర్చునే చోటే కూర్చుంది.

కిరణ్మయి ఎండ ఎక్కాక వచ్చింది. ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చినట్టుంది, మెడలో కార్డు లేదు. ఈసారి బూట్లు విప్పలేదు. పరుపు అంచున కూర్చుని సంచిలోంచి మూడు చీరలు తీసి కింద పెట్టింది. ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళు అటు తిరిగి చూశారు.

“నేను ఎక్స్‌చేంజ్ కోసం రాలేదండీ,” అంది. “మా పెళ్ళికూతురి మేనత్త అందరి మధ్య కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. మేమే పాతచీర పెట్టామని వాళ్ళు అనుకున్నారు. అది ఎట్లా జరిగిందో నాకు తెలియాలి, అంతే.”

హేమంత్‌కుమార్ ముందుకొచ్చాడు. గొంతులో తేనె పోసుకున్నాడు. “హండ్రెడ్ పర్సెంట్ మా వైపు మిస్టేక్ మేడమ్. స్టాఫ్ మిస్టేక్. ఎవరు చేశారో వాళ్ళే మీకు చెప్తారు. మేం దాచం.” నళిని వైపు తిరిగి కనుబొమలతో సైగ చేశాడు.

కిరణ్మయి కూడా ఆమె వైపే తిరిగింది. “మీరా ఆంటీ? మిమ్మల్ని చూసే కొన్నాను కదా నేను.”

నళిని లేచింది. సారీ అనలేదు. గోడ బీరువా దగ్గరికి వెళ్ళి, ఆ కట్టలో మిగిలిన చీరలన్నీ రెండు చేతులా ఎత్తుకుని వచ్చి పరుపు మధ్యలో దించింది.

“విప్పి చూపియ్యకుండా ఇచ్చినానమ్మా. అది నా తప్పు,” అంది కిరణ్మయితో. “మిగతాది చూపిస్తా. చూడు.”

పైన ఉన్న ముదురు ఎరుపు చీర అందుకుని చెంగు పట్టుకుని ఒక్క దులుపు దులిపింది. మడతలు విడిపోయి చీర పరుపు మీద పారింది. రెండో కొస పట్టుకునేవాళ్ళు లేరు. ఒక్కతే దాన్ని గుమ్మం వైపు ఎత్తబోతే నడుమ భాగం కుప్పగా జారి కింద పడింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ జారింది. హేమంత్‌కుమార్ పళ్ళ సందున, “అక్కా, వద్దు,” అన్నాడు. ఆమె చెంగును చీరలు కట్టే బొమ్మ భుజం మీద వేసి, అవతలి కొస కోసం వంగింది. బొమ్మ భుజం నున్నగా ఉంది. చెంగు అక్కడా నిలవలేదు.

ఆమె మూడోసారి చెంగు పట్టుకుని లేచేసరికి చీర బిగువుగా లేచింది.

అవతలి కొస దేవరాజ్ పట్టుకుని ఉన్నాడు. ఆమె మొహంలోకి చూడలేదు. పాతరోజుల్లో లాగే కొసను రెండు పిడికిళ్ళలో బిగించి, మోచేతులు ఎత్తి, గుమ్మం వెలుతురులోకి అడుగు వేశాడు. ఇద్దరూ మెల్లగా జరిపారు. చీర ఎర్రగా వెలిగింది. ఒకచోట వెలుగు ఆగింది. చింతగింజంత నల్ల మచ్చ, రఫూ చేసిన చోటు. కొంచెం జరిగాక ఇంకోటి. కిరణ్మయి లేచి వచ్చి దాన్ని వేలితో ముట్టుకుంది. గట్టిగా, గరుకుగా తగిలింది కాబోలు, చెయ్యి వెనక్కి తీసుకుంది. కొనడానికి వచ్చిన ఒక పెద్దావిడ తన ఒళ్ళో ఉన్న చీరను విప్పి వెలుతురుకు పెట్టి చూసుకోవడం మొదలుపెట్టింది.

రెండో చీర విప్పారు. మూడోది విప్పారు. హేమంత్‌కుమార్ మొహం ఎర్రబడింది.

“ఎవరు తియ్యమన్నారు ఈ కట్ట? దేవరాజ్, నువ్వు పోయి నీ పని చూసుకో.”

దేవరాజ్ కొస వదల్లేదు. “దీన్ని రఫూకి మోసింది నేనే సార్,” అన్నాడు. “ఆ యమ్మకి ఏమీ తెలీదు. నేను మోసినా, నేనే తెచ్చినా. ఎవరు మొయ్యమంటే మోసినానో, అది మీరు చెప్పండి.”

నళిని చెంగు పట్టుకునే అతని వైపు చూసింది. ఇద్దరి మధ్య చీర బిగువుగా ఉంది. ఆదివారానికి ఆమెకు ఒక వాక్యం దొరికింది. అది తన పేరుతో మొదలవదు.

గల్లా దగ్గర జయరామప్ప లేచి నిలబడ్డాడు. కొడుకు వైపు చూడలేదు, నళిని వైపూ చూడలేదు. “దేవరాజూ, ఆ కట్టంతా లోపలికి ఎత్తు. ఇంక అది బయటికి రాకూడదు,” అని, మళ్ళీ కూర్చుని కళ్ళజోడు తుడుచుకోసాగాడు. దేవరాజ్ చీరలన్నీ చుట్టి భుజానికెత్తుకుని గోడౌనులోకి వెళ్ళాడు. వెళ్తూ ఒకసారి వెనక్కి చూశాడు. రేపు తనకు పని ఉంటుందో లేదో అతనికి తెలియదు. నళినికీ తెలియదు. అతన్ని తీసేస్తే ఇద్దరి చెప్పులూ ఒకేసారి ఈ గడప దిగుతాయని మాత్రం ఆమె అప్పుడే లోపల అనుకుంది.

హేమంత్‌కుమార్ ఫోనులోకి తల దించాడు. వేళ్ళు కదులుతున్నాయి గాని ఏమీ రాస్తున్నట్టు లేదు. కాసేపటికి తేరుకుని, కిరణ్మయికి కొత్త డిజైన్లు చూపించమని, వాటికి బిల్లు వెయ్యొద్దని ఎవరితోనో అన్నట్టు గాలిలోకి అన్నాడు.

కిరణ్మయి ఆలోచించింది. ఆ తర్వాత వంగి బూట్లు విప్పింది. పరుపు మీదికి జరిగి బాసిపట్టు వేసుకుంది.

“చూస్తాను. కానీ ఆంటీ చూపించాలి. మొత్తం విప్పి.”

నళిని బీరువాలోంచి ఒక నెమలికంఠం రంగు చీర తీసింది. చెంగు పరిచింది, అంచు చూపించింది, కిరణ్మయి తల ఊపింది. ఇంక విప్పాలి. దేవరాజ్ గోడౌనులో ఉన్నాడు. పరుపు పక్కన నిలబడి ఉన్నది హేమంత్‌కుమార్ ఒక్కడే.

నళిని లేచి నిలబడి చీర దులిపింది. చెంగు తన దగ్గర ఉంచుకుని, అవతలి కొస అతని వైపు చాచింది.

“పట్టుకో అప్పా.”

అతను విననట్టు ఉన్నాడు. పెద్దావిడ చూస్తోంది. కిరణ్మయి చూస్తోంది. గల్లా దగ్గర కళ్ళజోడు తుడవడం ఆగిపోయింది. చాచిన చెయ్యి బరువెక్కింది, భుజం లాగింది. నళిని చెయ్యి దించలేదు. రెండోసారి పిలవలేదు కూడా.

హేమంత్‌కుమార్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.